మళ్ళీ బళ్ళు మూతపడితే చదువు ఆగకుండా ఇప్పుడే ఏం రెడీ చేసుకోవాలి

2020 మార్చి 14న కరోనా వల్ల బళ్ళకి సెలవులు అని చెప్పినప్పుడు మా తెలంగాణలో టీచర్లందరం అనుకున్నది ఒక్కటే, 31 దాకా కదా, పదిహేను రోజులు గడిస్తే మళ్ళీ బడికి పోతాం అని. నేను కూడా అడ్మిషన్ రిజిస్టర్, అటెండెన్స్ రిజిస్టర్, మార్కుల రిజిస్టర్ అన్నీ ఆఫీస్ రూమ్ బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చేశాను. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది, బయట ఊర్లకి పనికి పోయినోళ్ళు తిరిగొస్తుంటే వాళ్ళని మా బళ్ళోనే క్వారంటైన్‌లో పెట్టారు, పిల్లల ఫోన్ నంబర్లన్నీ లోపల, మేము బయట. ఫోన్ చేసి "ఎట్లున్నావ్ రా" అని అడుగుదామన్నా సగం మంది నంబర్లు నా దగ్గర లేవు.

ఆ పదిహేను రోజులు ఎంత కాలం సాగాయో మీకు తెలుసు. 9, 10 తరగతులకి 2021 ఫిబ్రవరి 1న తెరిచారు, 6 నుంచి 8 దాకా ఫిబ్రవరి 24 నుంచి, సరిగ్గా నెల తిరిగేసరికి మార్చి 24న మళ్ళీ మూశారు. 1 నుంచి 5 తరగతుల పిల్లలైతే 2021 సెప్టెంబర్ 1 దాకా బడి మెట్టే ఎక్కలేదు, పదిహేడున్నర నెలలు. మూసినప్పుడు ఒకటో తరగతిలో అఆలు దిద్దుతున్న పిల్ల తెరిచేసరికి మూడో తరగతి బెంచీలో కూర్చుంది. మధ్యలో రెండో తరగతి అనేది ఆ పిల్ల జీవితంలో లేనే లేదు.

అందుకే ఇది రాస్తున్నా. ఇంకో రోగం ఎప్పుడొస్తదో ఎవరం చెప్పలేం, కానీ బడి మూసిన రోజు కూర్చుని ప్లాన్ వేస్తే ఏమవుతదో మనం చూశాం. బడి మామూలుగా నడుస్తున్నప్పుడే చెయ్యాల్సిన పని ఇది. నాది ఊళ్ళో చిన్న సర్కారు బడి, 1 నుంచి 7 దాకా, 70 మందికి అటూ ఇటూ పిల్లలు, నలుగురం టీచర్లం. మీది హైస్కూల్ అయినా, ప్రైవేట్ బడి అయినా లెక్కలు మారతాయేమో కానీ చెయ్యాల్సిన వరుస ఇదే.

ముందు ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి

యాప్ వద్దు, ఎక్సెల్ షీట్ తర్వాత చూద్దాం. ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ తీసుకుని పిల్లవాడికో పేజీ ఇవ్వండి. ఇదే మొత్తం ప్లాన్‌కి పునాది, దీని మీద ఎక్కువ టైమ్ పెట్టండి, మిగతావన్నీ దీన్నిబట్టి నడుస్తాయి.

2020 ఆగస్టులో మమ్మల్ని సర్వే చెయ్యమన్నారు, ఎవరింట్లో టీవీ ఉంది, ఎవరికి స్మార్ట్‌ఫోన్ ఉంది, నెట్ ఉందా, ఏదీ లేనోళ్ళు ఎవరు అని. మేమూ తిరిగి రాశాం, కాగితం మీద మా ఊరు బాగానే కనిపించింది. దేశం మొత్తం మీద కూడా అంతే, పల్లెల్లో బడి పిల్లలున్న ఇళ్ళల్లో స్మార్ట్‌ఫోన్ 2018లో 36.5 శాతం ఇళ్ళల్లో ఉంటే 2020కి 61.8 శాతం అయిందని పల్లె పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వే చెప్పింది. సెప్టెంబర్ 1న టీ శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. రెండో రోజో మూడో రోజో నేను వాడల్లోకి పోతే నాలుగో తరగతి పిల్ల ఒకతి పక్కింటి కిటికీ చువ్వలు పట్టుకుని బయట నుంచి టీవీ చూస్తోంది, కాళ్ళ కింద ఇటుక పెట్టుకుంది ఎత్తు సరిపోక. లోపల వాళ్ళు అన్నం తింటున్నారు, ఫ్యాన్ సౌండ్‌కి పాఠం వినపడట్లేదు. మీ ఇంట్లో టీవీ ఉందని రాసుకున్నాం కదమ్మా అంటే, "మా ఇంట్ల టీవీ ఉంది సార్, గని రీచార్జ్ లేదు" అంది. సర్వేలో ఆ పిల్ల ఇంటికి టీవీ ఉంది అనే టిక్కు పెట్టింది నేనే.

తప్పు ఆ పిల్లది కాదు, మేం అడిగిన ప్రశ్నది. ఉందా లేదా అని అడిగితే ఉంది అనే చెప్తారు, ఎవరికైనా లేదని చెప్పుకోవడం నామోషీ కదా. కాబట్టి మీ నోట్‌బుక్‌లో ఇలా అడిగి రాయండి.

పొద్దున పదింటికి ఫోన్ ఎవరి చేతిలో ఉంటది? చాలా ఇళ్ళల్లో ఒకటే స్మార్ట్‌ఫోన్, అది నాన్నతో పాటు మేస్త్రీ పనికో ఆటో మీదో పోతది, రాత్రి ఎనిమిదికి వస్తది. అంటే ఆ పిల్లాడికి ఫోన్ ఉన్నది రాత్రి ఎనిమిది తర్వాతే, ఆ టైమే రాయండి.

రీచార్జ్ ఎప్పుడు వేయిస్తారు, అయిపోతే ఎన్ని రోజులు ఆగుతది? ఇంట్లో సిగ్నల్ వస్తదా, డాబా ఎక్కాలా, చెరువు కట్ట మీదకి పోవాలా? టీవీ ఉంటే ఈ రోజు పెడితే బొమ్మ వస్తదా? పిల్లలు ఎంతమంది, ఒకే ఫోన్‌కి ముగ్గురు పోటీనా?

ఇంట్లో చదవొచ్చినవాళ్ళు ఎవరు? అమ్మ, నాన్న కాకపోతే అక్క, బాబాయి, ఎవరైనా సరే.

పత్తి ఏరే సీజన్‌లో, ఎండాకాలంలో ఎక్కడికి పోతారు? మా పాలమూరు వైపు ఈ ప్రశ్న చాలా ముఖ్యం, హైదరాబాద్‌కో, పుణె, ముంబైకో పోయే కుటుంబాలు ఎన్నో, లాక్‌డౌన్ పెట్టిన రోజు పిల్ల ఏ ఊళ్ళో ఉందో తెలీకుండా మనం ఏ పాఠం పంపిస్తాం?

ఆఖరుది, మారని నంబర్ ఒకటి. ఆఫర్ కోసం సిమ్ములు మారుస్తుంటారు, అడ్మిషన్‌లో ఇచ్చిన నంబర్ రెండేళ్ళకి పనిచెయ్యదు. అందుకే అమ్మమ్మదో, మేనమామదో, కిరాణా షాపాయనదో, కబురు చెప్తే చేరేసే మనిషి నంబర్ ఇంకోటి తీసుకోండి. నంబర్లు మాత్రం పెన్సిల్‌తో రాయండి.

ఇవన్నీ ఒక్క రోజులో అవ్వవు. జూన్‌లో బడిబాట అని ఇల్లిల్లూ తిరుగుతాం కదా, అప్పుడు మొదలుపెట్టి పేరెంట్స్ మీటింగ్‌లో మిగిలినవి నింపుకుంటే జులై ఆఖరుకి అయిపోతది. నింపాక చివరి పేజీలో ఏదీ లేని పిల్లల పేర్లు విడిగా రాయండి, ఫోన్ లేదు, టీవీ లేదు, ఇంట్లో చదివేవాళ్ళు లేరు, అలాంటోళ్ళు. మా దగ్గర పదకొండు మంది తేలారు. మీ ప్లాన్ ఆ పేజీ నుంచే మొదలవ్వాలి. ఫోన్ ఉన్న పిల్లల కోసం ప్లాన్ వేసి, తర్వాత లేనోళ్ళ సంగతి చూద్దాం అనుకుంటే ఆ తర్వాత అనేది రాదు, మేం చూశాం. ఆ పదకొండు మందికి పని చేసే పద్ధతి ఏదైనా మిగతా అందరికీ పని చేస్తది.

వాడల వారీగా పంచుకోండి

చార్ట్ మీద ఊరి బొమ్మ గీసి ఏ వాడలో ఏ పిల్లలున్నారో చుక్కలు పెట్టండి. పిల్లలతోనే గీయించండి, వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. అయిదారుగురికి ఒక గుంపు వస్తది. ఒక్కో గుంపుకి ఆ వాడలోనే ఇంటరో డిగ్రీయో చదివే అక్కనో అన్ననో ఒకర్ని ముందే మాట్లాడి పెట్టుకోండి. కాలేజీలు కూడా మూతపడతాయి కాబట్టి వాళ్ళు ఇంటి దగ్గరే ఉంటారు, అడిగితే కాదనరు, చాలామంది మన దగ్గర చదివి పోయినోళ్ళే. వాళ్ళు పాఠం చెప్పక్కర్లేదు, మనం ఇంటికి పంపే పని షీట్లు అందాయా, పిల్లలు రోజూ అరగంట చదివారా అని చూస్తే చాలు. ఆడపిల్లలు ఉన్న గుంపుకి అక్కనే పెట్టండి.

రోగం ఊళ్ళో గట్టిగా ఉన్నప్పుడు గుంపులు కూర్చోబెట్టొద్దు. ఆశా వర్కర్, ఏఎన్‌ఎం చెప్పేదాకా ఆగండి, తగ్గాక చెట్టు కిందో అరుగు మీదో ఆరుబయట, ఎడంగా, ఒక వాడ పిల్లలు ఇంకో వాడకి పోకుండా. లోపల గదిలో వద్దు. మహారాష్ట్ర సోలాపూర్‌లో నీలంనగర్ అనే చోట ఇళ్ళ గోడల మీద పాఠాలు పెయింట్ చేయించారు, పిల్లలు ఎవరికి వాళ్ళు గోడ దగ్గర నిలబడి చదువుకుని పోయేవాళ్ళు. మన ఊళ్ళల్లో స్కీముల పేర్లు రాయని గోడ ఉండదు, రెండు గోడలు ఎక్కాలకీ గుణింతాలకీ ఇమ్మని సర్పంచ్‌ని అడగండి. బడి ఉన్నప్పుడూ పనికొస్తాయి.

ఏం చెప్పాలో కాదు, ఏం వదలకూడదో రాసుకోండి

బడి లేనప్పుడు మొత్తం సిలబస్ అవ్వదు. 2020 జులైలో సీబీఎస్‌ఈ 30 శాతం తగ్గించింది, మన స్టేట్‌లో కూడా తగ్గించారు, కానీ ఆ తగ్గింపు వచ్చేసరికి నెలలు గడిచిపోయాయి. ఆర్డర్ కోసం చూడకుండా మీ టీచర్లు కూర్చుని తరగతికి ఒక పేజీ రాసుకోండి, ఈ ఏడాది ఎట్టి పరిస్థితుల్లో వదలకూడనివి ఏంటి అని. మూడో తరగతికైతే నా లిస్టులో ఉన్నవి ఒత్తులున్న పదాలు చదవడం, నాలుగైదు వాక్యాల కథ చదివి చెప్పడం, సొంతంగా మూడు వాక్యాలు రాయడం, కూడిక, అప్పు తీసుకునే తీసివేత, 5 దాకా ఎక్కాలు. అంతే. పెద్ద తరగతులకి లెక్కల్లో భిన్నాలు, సైన్స్‌లో తర్వాతి ఏడాదికి మెట్టయ్యే పాఠాలు మాత్రం.

1, 2 తరగతుల వాళ్ళని మర్చిపోవద్దు, ఈ మాట గట్టిగా చెప్తున్నా. 2020 సెప్టెంబర్‌లో టీవీ పాఠాలు 3 నుంచి 10 దాకే మొదలయ్యాయి. చిన్నపిల్లలు టీవీ ముందు కూర్చోరు, నిజమే, కానీ దాని ఫలితం ఎక్కడ తేలిందో చూడండి. రెండో తరగతి పుస్తకం చదవగలిగే మూడో తరగతి పిల్లలు తెలంగాణ పల్లెల్లో 2018లో 18.1 శాతం ఉంటే 2022 అసర్ లెక్కలో 5.2 శాతానికి పడిపోయారు, ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కి. వందలో అయిదుగురు! ఆ అంకె చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు, ఆ తొంభై అయిదు మందిలో మా పిల్లల మొహాలే కనపడ్డాయి. కాబట్టి టీచర్లు పని పంచుకునేటప్పుడు మీలో బాగా ఓపికున్న మనిషికి 1, 2 తరగతులు ఇవ్వండి, ఇంటికి పంపే కట్ట కూడా ముందు వాళ్ళదే రెడీ చెయ్యండి.

రెండు వారాల కట్ట

నెట్టూ కరెంటూ లేకుండా పని చేసేది కాగితమే. పిల్లవాడికి రెండు వారాలకి పది పేజీలు, రోజుకి ఒకటి, శని ఆదివారాలు లేవు. ఇలాంటి కట్టలు తరగతికి నాలుగు, అంటే రెండు నెలలకి సరిపోయేవి, ముందే రాసి మాస్టర్ కాపీ ఫైల్లో పెట్టుకోండి. ఎండాకాలం సెలవుల ముందు ఒక వారం నలుగురు టీచర్లు కూర్చుంటే అవుతది, కాంప్లెక్స్ మీటింగ్‌లో పక్క బళ్ళతో పంచుకుంటే ఇంకా సులువు, ఒకళ్ళు తెలుగు, ఒకళ్ళు లెక్కలు.

ఖర్చు లెక్క వేసుకోండి. 70 మంది పిల్లలు, పది పేజీలు, 700 కాపీలు, జిరాక్స్ రూపాయి చొప్పున 700 రూపాయలు, నెలకి 1400. బడి ఖర్చులకి సర్కారిచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంట్ మా సైజు బడికి ఏడాదికి 25 వేలు, కానీ అది ఎప్పుడు పడతదో నమ్మకం ఉండదు కాబట్టి ఒక నెలకి సరిపడా కాగితం రిమ్ములు ముందే కొని పెట్టండి. లాక్‌డౌన్‌లో జిరాక్స్ షాపులు కూడా మూతే, మండల సెంటర్‌లో తలుపు సగం తెరిచి ఇచ్చేవాళ్ళు ఉంటారేమోనని తిరిగిన రోజులు గుర్తున్నాయి. కనీసం మొదటి కట్ట మాత్రం ప్రింట్ తీసి బీరువాలో ఉంచండి, ఏడాది చివర దాకా అవసరం పడకపోతే సెలవుల హోంవర్క్‌గా ఇచ్చెయ్యండి, వేస్ట్ అవ్వదు.

పేజీ ఎలా ఉండాలంటే అక్షరాలు పెద్దగా, ఒక పక్కే ప్రింటు, ఒక పేజీలో ఒకటే పని. ఇంట్లో దొరికే వాటితో చెయ్యగలిగేలా. చింతగింజలు పది పది కుప్పలు పెట్టు, ఇంట్లో ఉన్న పప్పుల పేర్లు రాయి, రేషన్ కార్డులో ఉన్న పేర్లు చదువు, ఈ నెల కరెంటు బిల్లులోంచి పోయిన నెల బిల్లు తీసెయ్యి, ఇట్లాంటివి. "దిక్సూచి సహాయంతో" అని రాస్తే ఆ పేజీ తెల్లగానే తిరిగొస్తది.

మాకు బాగా పని చేసినది ఒకటి చెప్తాను. ప్రతి పేజీ కింద ఒక చిన్న గడి గీశాం. పిల్ల ఆ రోజు కథని అమ్మకి గట్టిగా చదివి వినిపించాలి, ఆగకుండా చదివితే అమ్మ ఆ గడిలో ఒక నిలువు గీత గీయాలి, ఆగితే అడ్డగీత. అమ్మకి చదువు రాకపోయినా పిల్ల తడబడుతోందా లేదా అనేది చెవికి తెలుస్తది కదా. ఒకమ్మ రెండు వారాల తర్వాత పేజీలు తెచ్చిచ్చింది, ఉపాధి హామీ పని నుంచి నేరుగా వచ్చింది, గడ్డపార ఇంకా భుజం మీదే ఉంది. పది గడుల్లో మొదటి ఆరు అడ్డగీతలు, చివరి నాలుగు నిలువు గీతలు. "ఇప్పుడు మంచిగ సదువుతుంది సార్" అని ఆమె చెప్పిన తీరు నేను మర్చిపోలేను. మాకు కావాల్సిన రిపోర్ట్ మొత్తం ఆ గీతల్లోనే ఉంది.

పంచే రోజుని బియ్యం పంచే రోజుతో కలపండి. బడి మూసినా మధ్యాహ్న భోజనం పిల్లల హక్కు, 2020 మార్చి 18నే సుప్రీంకోర్టు తనంతట తాను ఈ విషయం చేపట్టి రాష్ట్రాలని అడిగింది, తర్వాత చాలా చోట్ల బియ్యం, గుడ్లు ఇళ్ళకే ఇచ్చారు. పిల్లల వంతు బియ్యం కోసం తల్లిదండ్రులు ఎలాగూ వస్తారు, అప్పుడే పాత కట్ట తీసుకుని కొత్త కట్ట ఇవ్వండి. వాడకో టైమ్ పెట్టండి, పొద్దున ఒక వాడ, పదకొండుకి ఇంకోటి. ముందురోజు సాయంత్రం పంచాయతీ మైకులో చెప్పించండి. వెనక్కొచ్చిన కాగితాలు ఒకటి రెండు రోజులు సంచిలో పక్కన పెట్టి తర్వాత దిద్దండి, దిద్దకుండా మాత్రం వదలొద్దు. సారు చూడట్లేదని పిల్లలకి ఒక్కసారి తెలిస్తే మూడో కట్టకి రాయడం ఆపేస్తారు.

ఫోన్, టీవీ, రేడియో

టీవీ పాఠాలు చెడ్డవని నేను అనట్లేదు. కేరళలో 2020 జూన్ 1కే విక్టర్స్ ఛానల్‌లో మొదలుపెట్టేశారు, ఆంధ్రలో దూరదర్శన్ సప్తగిరిలో విద్యామృతం పాఠాలు వచ్చాయి. అసలు ఈ ఆలోచన పాతదే, 1937లో అమెరికాలో షికాగోలో పోలియో వచ్చి బళ్ళు తెరవలేకపోతే రేడియోలో పాఠాలు చెప్పి, ఆ రోజు పాఠం వివరాలు న్యూస్‌పేపర్లలో వేయించారు. ఆఫ్రికాలో సియెర్రా లియోన్ వాళ్ళు 2014లో ఎబోలా వచ్చినప్పుడు రేడియో పాఠాలు నడిపారు, 2020లో కరోనా వచ్చేసరికి ఆ అనుభవం ఉంది కాబట్టి మళ్ళీ త్వరగా మొదలుపెట్టగలిగారు. ఒకసారి చేసి, చేసింది దాచుకున్నవాళ్ళకి రెండోసారి తేలిక.

కానీ టీవీ ఒకవైపే మాట్లాడుతది. పిల్లకి అర్థమైందా అని అది అడగదు, అడగాల్సింది మనమే. దానికి మంచి పద్ధతి మామూలు ఫోన్ కాల్. మీ వంతుకి 20 మంది పిల్లలుంటే రోజుకి నలుగురు, ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు, వారానికి అందరూ అయిపోతారు. నోట్‌బుక్‌లో రాసుకున్న టైమ్ చూసి చెయ్యండి, రాత్రి ఎనిమిదికే ఫోన్ వస్తదంటే ఎనిమిదింపావుకి చెయ్యండి, అందరికీ కాదు, అలాంటోళ్ళు వారానికి ఇద్దరు ముగ్గురు ఉంటారు, కష్టమేం కాదు. కీప్యాడ్ ఫోన్ అయినా కాన్ఫరెన్స్ కలిపి నలుగురిని ఒకేసారి మాట్లాడించొచ్చు, దోస్తుల గొంతు వినపడితే వాళ్ళ సంతోషం చూడాలి.

కాల్‌లో "పాఠం చూశావా" అని అడక్కండి, "చూశా సార్" అంటారు, అంతటితో అయిపోతది. ముందు తిన్నావా, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడగండి. తర్వాత నిన్నటి పేజీలో రెండు వాక్యాలు చదివి వినిపించమనండి. చివర్లో రేపటికి ఒకే ఒక్క పని చెప్పండి. కాల్ అయ్యాక పిల్లవాడి పేజీలో తారీకు వేసి ఒక లైన్ రాయండి. రెండు వారాలు వరుసగా దొరకని పిల్ల ఉంటే ఎవరో ఒకరు ఇంటికి పోవాల్సిందే.

వాట్సాప్ గ్రూప్ పెడితే టీచర్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చండి, రోజుకి ఒక్క మెసేజ్, పొద్దున్నే గుడ్‌మార్నింగ్ పూలు వద్దు. వీడియో కంటే రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ మంచిది, డేటా తక్కువ, అమ్మ వంట చేస్తూ కూడా వినిపించగలదు. ఆడపిల్లల నంబర్లు గ్రూప్‌లో అందరికీ కనపడతాయి, అది ఆలోచించండి, 6వ తరగతి పైన వాళ్ళకైతే గ్రూప్ బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడండి.

పెద్ద తరగతుల ఆడపిల్లల విషయం ఇంకోటి ఉంది. బడి లేకపోతే పెళ్ళి మాటలు మొదలవుతాయి, మగపిల్లలైతే పనిలో పడతారు. వారం వారం కాల్ చేస్తుంటే ఇది ముందే తెలుస్తది, గొంతులో తేడా తెలుస్తది, ఫోన్ పిల్లకి ఇవ్వకుండా "లేదు సార్, పడుకుంది" అంటుంటే తెలుస్తది. అప్పుడు అంగన్‌వాడీ టీచర్‌నీ సర్పంచ్‌నీ కలుపుకుని ఇంటికి వెళ్ళి మాట్లాడండి, వినకపోతే 1098కి ఫోన్ చెయ్యండి, అది పిల్లల హెల్ప్‌లైన్, ఎవరు చేసినా డబ్బులు పడవు. మనకెందుకు అనుకోవద్దు. ఆ పిల్ల మళ్ళీ బడికొస్తదా రాదా అన్నది ఆ ఒక్క ఫోన్ మీద ఉండొచ్చు.

టీచర్లలో ఎవరి పని ఏంటి

ఇది చిన్నగా చెప్పేస్తా. పోర్టల్ పాస్‌వర్డ్‌లు, బడి తాళాలు ఇద్దరి దగ్గర ఉండాలి, హెచ్‌ఎంకి జ్వరమొస్తే బియ్యం ఇండెంట్ ఆగిపోకూడదు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే వాళ్ళ పిల్లల్ని ఎవరు చూస్తారో ముందే రాసుకోండి. మార్కులు ఎప్పటికప్పుడు ఎక్కించండి, 2020లో పదో తరగతి పరీక్షలు మధ్యలో ఆగిపోయి జూన్‌లో రద్దయ్యాక పిల్లల గ్రేడ్లు వేసింది ఎఫ్ఏ, అంటే బళ్ళో ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల మార్కుల మీదే, ఎక్కించడంలో అశ్రద్ధ చేస్తే నష్టపోయేది వాళ్ళే. ప్రైవేట్ బడి నడిపేవాళ్ళు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి, ఫీజులు రాకపోయినా కనీసం మూడు నెలలు టీచర్లకి ఎంత ఇవ్వగలరు అని. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ గవర్నమెంట్ ప్రైవేట్ టీచర్లకి నెలకి 2 వేలు, 25 కిలోల బియ్యం ఇస్తామని చెప్పాల్సొచ్చింది, అప్పటికి ఏడాది దాటింది, మంచి మంచి టీచర్లు కూరగాయలు అమ్ముకున్నారు. టీచర్ ఇంట్లో పొయ్యి వెలక్కపోతే ఏ ప్లానూ నడవదు.

తెరిచాక మొదటి నెల

శానిటైజర్, థర్మామీటర్ గురించి ఆర్డర్లు చాలానే వస్తాయి, వాటి సంగతి వాటిలో ఉంటది. మీరు మాత్రం ఇవ్వాళే క్లాస్‌రూమ్ కిటికీలు తెరుచుకుంటాయో లేదో చూడండి. మా దాంట్లో రెండు కిటికీలకి బీరువాలు అడ్డం, ఒకదానికి మేకులు కొట్టేసి ఉన్నాయి. గాలి ఆడటం కంటే పెద్ద మందు లేదు. నల్లా దగ్గర సబ్బు తాడుకి కట్టండి, లేకపోతే ఉండదు.

తెరవగానే అందరినీ ఒకేసారి తేవద్దు. ఆంధ్రలో 2020 నవంబర్ 2న 9, 10 తరగతులతో మొదలుపెట్టి మిగతావాళ్ళని విడతల వారీగా తెచ్చారు, రోజు విడిచి రోజు పద్ధతి పెట్టారు. ఆర్డర్ ఎలా ఉన్నా మీ బడికి ఎన్ని గదులు, ఒక్కో గదిలో ఎడంగా ఎంతమంది పడతారు అన్నది ముందే లెక్కేసి ఉంచండి.

మొదటి రెండు వారాలు పాఠ్యపుస్తకం తెరవొద్దు. ఒక్కో పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ, వరుసగా ఇవ్వండి, ఎక్కడ ఆగితే అక్కడ రాసుకోండి. లెక్కల్లో అంకెలు, కూడిక, తీసివేత, భాగహారం. పది నిమిషాల పని. తర్వాత తరగతిని పక్కన పెట్టి ఎవరు ఎక్కడ ఆగారో దాన్నిబట్టి గుంపులు చెయ్యండి, రోజుకి రెండు పీరియడ్లు. నాలుగో తరగతి పిల్లాడు రెండో తరగతి పిల్లల పక్కన కూర్చోవాల్సి వస్తే సిగ్గుపడతాడు, గుంపులకి చెట్ల పేర్లు పెట్టండి, వేప గుంపు, చింత గుంపు, ఏది పైది ఏది కిందది అని తెలీకుండా. 2022 ఆగస్టులో తొలిమెట్టు అని సర్కారే ఇలాంటి పని మొదలుపెట్టింది, కానీ చిన్న తరగతులు తెరిచి దాదాపు ఏడాది అయ్యాక. మీరు మొదటి రోజే మొదలుపెట్టొచ్చు, దీనికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు.

ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూడండి

ఇది మాత్రం వాయిదా వెయ్యకండి. ఆగస్టులోనో సెప్టెంబర్‌లోనో ఒక గురువారం పిల్లలకి రెండు రోజుల కట్ట ఇచ్చి, శుక్ర, శని వారాలు బడి మూతపడితే ఎలా ఉంటదో అలా ఇంటి దగ్గర చేయించండి, బడి మామూలుగానే నడుస్తది, సాయంత్రం ఇంటి పని బదులు ఇది. నంబర్లన్నిటికీ ఫోన్ చెయ్యండి. ఎన్ని కలిశాయి, ఎన్ని స్విచాఫ్, మైకు ఏ వాడకి వినపడలేదు, ఏ పేజీ పిల్లలకి అర్థం కాలేదు అన్నీ అప్పుడే తేలతాయి. మొదటిసారి మేం చేసినప్పుడు ఎస్సీ కాలనీ వైపు మైకు అసలు పనిచెయ్యట్లేదని తెలిసింది, ఎన్నాళ్ళ నుంచో అంతేనట, ఎవరూ అడగలేదు. పంచాయతీకి రాసిచ్చి బాగు చేయించాం. మహమ్మారి రాకపోయినా ఇదంతా పనికొస్తది, జులైలో వానలకి నాలుగైదు రోజులు వరుసగా సెలవులిస్తే మేం ఇదే కట్ట వాడుకుంటున్నాం.

అన్నీ అయ్యాక ఆ లాంగ్ నోట్‌బుక్ ప్రతి పేజీ ఫోటో తీసి నలుగురు టీచర్ల ఫోన్లలో పెట్టుకోండి, వేరే ఎవరికీ పంపొద్దు, అందులో పిల్లల ఇళ్ళ సంగతులుంటాయి. ఒక జిరాక్స్ సెట్ బీరువాలో పెట్టండి. అసలు నోట్‌బుక్ మాత్రం బళ్ళో పెట్టకండి. మాది వంట చేసే అమ్మ ఇంట్లో, దేవుడి గూట్లో ఉంటది, ఏ ఇంటి నంబర్ మారినా ముందు ఆమెకే తెలుస్తది, పెన్సిల్ కూడా అందులోనే పెట్టి ఇచ్చాం.